కాన్‌కూన్ నుంచి చిచెన్ ఇట్జాకు టూర్ బస్సు ఎక్కాలా, వద్దా?

డాలస్ వాసి:
డిసెంబరు సెలవులకు మెక్సికోలోని కాన్‌కూన్ వెళ్తున్నాం. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, ఇద్దరికీ డెబ్బై దాటాయి. మాయా జాతివాళ్ళు కట్టిన పాత నగరం చిచెన్ ఇట్జా చూపించాలని ఉంది. హోటల్ నుంచి టూర్ బస్సే నయమని మా ఆవిడ, బస్సు దండగ, కారు అద్దెకు తీసుకుందామని నేను. చూసొచ్చినవాళ్ళు తేల్చండి.

కోటలూ గుడులూ:
ముమ్మాటికీ దండగే. దూరం సుమారు 200 కిలోమీటర్లు. హోటల్ హోటల్‌కీ ఆగి జనాన్ని ఎక్కించుకుని బస్సు ఊరు దాటేసరికే పొద్దెక్కుతుంది. దారిలో చేతిపనుల దుకాణం, సెనోట్‌లో (సున్నపురాయి కుంగి ఏర్పడ్డ నీటి గుంటలో) ఈత, బఫే భోజనం. అసలు చోట దిగేది మిట్టమధ్యాహ్నం, నెత్తిన నీడ ఉండదు. మా బస్సులోనైతే పిరమిడ్ కనబడకముందే ఆర్డరు కాగితాలు చేతులు మారాయి: మీ పేరు మాయా లిపిలో చెక్కిన వెండి లాకెట్టు, సాయంత్రానికల్లా సిద్ధం! 1562లో డియేగో దె లాందా అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి ఆ లిపిలోని పుస్తకాలను తగలబెట్టించాడు. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద మిగిలినవి నాలుగే. ఆ ముక్క మాటవరసకైనా ఎత్తని గైడు లాకెట్టు గొప్పతనం మాత్రం తనివితీరా వర్ణించాడు.

ముగ్గురు పిల్లల తల్లి:
మీరు అన్నీ చదువుకుని వెళ్ళారు కాబట్టి గైడు ఆనలేదు. మాలాంటివాళ్ళ సంగతేమిటండీ? కుకుల్కాన్ గుడి, అదే ఆ పిరమిడ్, మెట్లకు ఎదురుగా నిలబడి మా గైడు చప్పట్లు కొడితే, పైనుంచి పిట్ట కూసినట్టు ప్రతిధ్వని వచ్చింది. మా చిన్నవాడు ఆ రోజంతా కనబడిన ప్రతి గోడ ముందూ చప్పట్లు కొడుతూనే ఉన్నాడు. నాలుగు వైపులా 91 చొప్పున మెట్లు, పైనున్న అరుగుతో కలిపి 365 అని లెక్క చెప్పిందీ ఆయనే. మాకై మేము వెళ్ళి ఉంటే రాళ్ళు చూసి వచ్చేవాళ్ళం. పైగా తిరుగు ప్రయాణంలో మా అత్తగారు హాయిగా నిద్రపోయారు, మావారు కూడా. ఆయన కారు నడుపుతూ ఉంటే అది కుదిరేదా?

సందేహాలరావు:
పిరమిడ్ ఎక్కనివ్వరట కదా! కింద నుంచి చూడటానికి అంత దూరం పోవాలా?

చరిత్ర విద్యార్థిని:
ఎక్కనివ్వరు. 2006లో ఒక పర్యాటకురాలు మెట్ల మీద నుంచి పడి చనిపోయాక ఆపేశారు, మంచి పని చేశారు. ఎక్కితీరాలనుకుంటే గ్వాటెమాలాలోని మరో మాయా నగరం తికాల్‌లో నాలుగో ఆలయానికి పక్కగా చెక్క మెట్లు వేశారు, కానీ అది కాన్‌కూన్ నుంచి ఒక పూటలో తెమిలేది కాదు.

నా పేచీ బస్సుతో కాదు, అందులో చెప్పే కథలతో. చిచెన్ ఇట్జా బంతి ఆట మైదానం పొడవు 168 మీటర్లు. దాని గోడ మీద తల తెగిన ఆటగాడి శిల్పం ఉంటుంది, మెడలోంచి రక్తం పాములై చిమ్ముతూ. తల పోయింది గెలిచినవాడిదా ఓడినవాడిదా అన్నది శిల్పం చెప్పదు. మా గైడు మాత్రం గెలిచినవాడిదేనని ఒట్టేసి మరీ చెప్పాడు. ఆ వెంటనే మాయన్లు ఎప్పుడో అంతరించారన్నాడు. పక్కనే బొమ్మలు అమ్మేవాళ్ళు మాయా భాషలో బేరాలు చూసుకుంటున్నారు!

కోటలూ గుడులూ:
ఆ బొమ్మలవాళ్ళదీ ఒక గోలే. జాగ్వార్‌లా గాండ్రించే ఈలలు ఊదుతూ వెంటపడతారు. ప్రాచీన కట్టడం ఆవరణలో సంతేమిటి?

చరిత్ర విద్యార్థిని:
ఆ నేల 2010 దాకా ఒక ప్రైవేటు కుటుంబం ఆస్తి. అప్పుడు గానీ యుకటాన్ రాష్ట్ర ప్రభుత్వం కొనలేదు. అది తప్పనిపించనివాళ్ళకు, పక్కనున్న పిస్తే ఊరివాళ్ళు చెక్క మాస్కులు అమ్ముకుంటే మాత్రం కళ్ళు కుట్టాలా? ఈల నచ్చకపోతే కొనకండి.

సందేహాలరావు:
కారులో వెళ్తే ఎన్నింటికి బయల్దేరాలి?

కోటలూ గుడులూ:
ఆరింటికి. కాన్‌కూన్ గడియారం చిచెన్ ఇట్జా ఉన్న యుకటాన్ కంటే గంట ముందుంటుంది, ఆ గంట మీకు కలిసొస్తుంది. ఎనిమిదింటికి ద్వారం తెరిచేసరికి అక్కడుంటారు, టూర్ బస్సులు వచ్చేలోపు చూడటం అయిపోతుంది. ఇంకా నయం కావాలంటే ముందురోజు రాత్రి దగ్గర్లోని వయ్యాడోలిడ్‌లో ఉండండి. గైడు కావాలంటే ద్వారం దగ్గరే లైసెన్సు ఉన్నవాళ్ళు దొరుకుతారు.

డాలస్ వాసి:
ఇదే బాగుంది. మా ఆవిడకు చూపిస్తాను.

ముగ్గురు పిల్లల తల్లి:
చూపించండి. రాత్రి బస అంటే పెద్దవాళ్ళ మందులతో సహా సామానంతా మళ్ళీ సర్దాలి. సర్దేదెవరో ముందు తేల్చుకుని మరీ చూపించండి.