50 వాట్ల స్టీరియో 20 వాట్ల దాని ముందు ఎందుకు తేలిపోతోంది?

వెనకసీటు శ్రోత (ప్రశ్న):

పోయిన నెల సెకండ్ హ్యాండ్ కారు తీసుకున్నాను. కంపెనీ బిగించిన స్టీరియోనే ఉంది. కారుతో పాటు వచ్చిన పుస్తకంలో "50 వాట్లు × 4" అని ఉంటే, రెండు వందల వాట్లు కదా అని సంబరపడ్డాను. మా బావగారిది ఇంకా పాత కారు. దాని పుస్తకంలో "20 వాట్లు × 4, ఆర్ఎంఎస్" అని మాత్రమే ఉంది.

మొన్న రెండు కార్లూ పక్కపక్కన ఆపి, ఒకే ఫోన్‌లో ఒకే పాట పెట్టి విన్నాం. నా పరువు పోయింది. ఆయన కారులో డ్రమ్ము దెబ్బ పొట్టలో తగులుతోంది. నా దాంట్లో అట్టపెట్టె మీద వేలితో కొట్టినట్టుంది. బాస్ చివరిదాకా పెంచేశాను, అయినా అంతే. వాల్యూం 40 దాకా ఉంది గానీ 28 దాటిందంటే పాడే ఆవిడ 'స' అన్నప్పుడల్లా చెవిలో గోకినట్టుంటోంది. బావగారు పైకి ఏమీ అనలేదు. ఆ నవ్వే భరించలేకపోయాను.

పుస్తకంలో రాసింది అబద్ధమా? ఇప్పుడు స్పీకర్లు మార్చాలా, విడిగా ఆంప్ (పవర్ పెంచే పెట్టె) పెట్టించాలా?

బాస్ పిచ్చోడు:

కంపెనీ సెట్లన్నీ ఇంతే బ్రో. నాలుగు చానెళ్ల ఆంప్ ఒకటి, డిక్కీలో సబ్‌వూఫర్ ఒకటి వేయించు. తర్వాత బావగారినే నీ కారెక్కించుకో.

సోల్డరింగ్ మామయ్య:

ఆంప్ సంగతి తర్వాత చూద్దాం. నేను ఇరవై ఏళ్లుగా ఇలాంటి స్టీరియోలు విప్పి బాగుచేస్తున్నవాణ్ణి. మూత తీస్తే వెనక హీట్‌సింక్‌కి (వేడి లాగే లోహపు దిమ్మెకి) స్క్రూలతో బిగించి, బిస్కెట్ అంత ఐసీ, అంటే చిప్, ఒకటి ఉంటుంది. సాధారణంగా 25 కాళ్లు. నాలుగు స్పీకర్లకీ పవర్ ఇచ్చేది అదొక్కటే. మీ దాంట్లోనూ మీ బావగారి దాంట్లోనూ దాదాపు ఒకే రకం ఐసీ ఉన్నా నేను ఆశ్చర్యపోను.

మరి ఆ 50 ఎక్కడిదంటారా? ఇంజన్ ఆన్‌లో ఉన్నప్పుడు కారు కరెంటు 14.4 వోల్టులని లెక్క. 14.4ని 14.4తో గుణించి, స్పీకర్ నిరోధం 4 ఓమ్‌లతో భాగించండి. 51.84 వస్తుంది. మీ పుస్తకంలోని 50 ఇదే. కాకపోతే అంత పవర్ రావాలంటే స్టీరియో పాట పాడకూడదు. తరంగం తలా కాళ్లూ నరికేసి, చదరపు దిమ్మెలా స్పీకర్‌లోకి తోయాలి. వినడానికి అది బరబర చప్పుడు. తరంగం గుండ్రంగా, ఉన్నదున్నట్టు పోతే అందులో సగమే, అంటే 26. ఐసీ తన లోపల మింగేది తీసేస్తే చేతికొచ్చేది 20 అటూ ఇటూ. మీ బావగారి పుస్తకం ఆ చివరి అంకె వేసింది, ఆర్ఎంఎస్ అంటే అదే, నిలకడగా ఇవ్వగల పవర్. మీది మొదటి అంకె వేసింది. 'మ్యాక్స్', 'పీక్' అన్న మాట పక్కన ఉందేమో చూడండి. చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది.

నమ్మకం కుదరకపోతే స్టీరియో ఫ్యూజు చూడండి. 10 ఆంపియర్లదైతే లోపలికి వెళ్లేదే 144 వాట్లు. అందులోనూ చాలా భాగం హీట్‌సింక్ వేడెక్కడానికే పోతుంది. రెండు వందలు బయటికి ఎలా వస్తాయి?

సరే, నిజంగానే 50 ఉందనుకుందాం. 20కీ 50కీ మధ్య తేడా 4 డెసిబెల్స్. వినబడుతుంది, కానీ పరువు నిలబెట్టేంత కాదు. చెవికి రెట్టింపు మోత అనిపించాలంటే సుమారు పదింతల వాట్లు కావాలి. మామూలు వాల్యూంలో పాటలు వింటుంటే స్పీకర్‌కి వెళ్లేది సగటున ఒకటో రెండో వాట్లు. కంపెనీలు ఇలా పెద్ద అంకెలు వేసేది, వాట్లు కొలవడానికి పద్ధతి లేక కాదు. అమెరికాలో 2003లో సీఈఏ-2006 అని ఒక ప్రమాణం పెట్టారు: 14.4 వోల్టులు, 4 ఓమ్‌లు, వక్రీకరణ (తరంగం రూపు చెడడం) 1 శాతం దాటకూడదు. బయట కొనే స్టీరియో మీద ఆ గుర్తుంటే అంకెను నమ్మొచ్చు. కానీ అది పాటించాలని ఎవరికీ బలవంతం లేదు.

మీరు బాస్ చివరిదాకా పెంచానన్నారు చూడండి, 28 దగ్గర గోకుడుకి మూలం అక్కడుందని నా అనుమానం. బాస్ 6 డెసిబెల్స్ పెంచితే ఆ కింది స్వరాలకి నాలుగింతల పవర్ అడిగినట్టు. ఐసీ దగ్గర అంత లేదు. తరంగం తల తెగుతుంది, తెగిన అంచుల నుంచి కొత్త కీచు స్వరాలు పుట్టి ట్వీటర్ (సన్న స్వరాలు పలికే చిన్న స్పీకర్) మీద పడతాయి. ట్వీటర్లు కాలిపోయేది కూడా ఎక్కువగా ఇలాగే. ముందు ఆ బాస్‌ని సున్నాకి తేండి.

కానీ బాస్ అసలే లేకపోవడం వాట్ల జబ్బు కాదు. ఇది చేసి చూడండి. ఫేడర్ (ముందు, వెనక స్పీకర్లకి మోత పంచే సెట్టింగు) పూర్తిగా ముందుకి తిప్పండి. బాస్ బాగా ఉన్న పాట చిన్న వాల్యూంలో పెట్టి, బ్యాలెన్స్ పూర్తిగా ఎడమకి, తర్వాత పూర్తిగా కుడికి, చివరగా మధ్యకి తేండి. ఒక్కో పక్క విడిగా బాస్ ఉండి, మధ్యకి రాగానే మాయమైతే ఒక స్పీకర్‌కి ప్లస్-మైనస్ తిరగబడినట్టే. ఒకటి ముందుకి తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది, రెండూ కలిసి బాస్‌ని చంపేస్తాయి. సెకండ్ హ్యాండ్ కార్లలో ఇది చాలాసార్లు చూశాను.

నాలుగు ఓమ్‌లు:

మామయ్య గారు చెప్పిన దానికి ఒక్క మాట. స్పీకర్లు మార్చాలనుకుంటే వాట్లు చూసి కొనకండి, సెన్సిటివిటీ చూడండి. ఒక వాటు ఇచ్చి మీటరు దూరంలో కొలిచే అంకె అది. 87 ఉన్నదానికి బదులు 90 ఉన్నది వేస్తే స్టీరియో పవర్ రెట్టింపు చేసినంత ఫలం. కంపెనీ స్పీకర్లలో ముందుకీ వెనక్కీ కదిలే కాగితం కోన్లు తేలిగ్గా ఉంటాయి కాబట్టి తక్కువ పవర్‌తోనే పలుకుతాయి. నేను తెలియక బరువైన కోన్లు వేయించి, డబ్బు పెట్టి మరీ మోత తగ్గించుకున్నాను. కొన్ని కార్లలో విడిగా ఆంప్ ఇచ్చి 2 ఓమ్‌ల స్పీకర్లు పెడతారు. అక్కడ 4 ఓమ్‌లవి వేస్తే పవర్ సగానికి పడిపోతుంది.

వెనకసీటు శ్రోత:

మామయ్య గారూ, దొరికింది! బ్యాలెన్స్ ఎడమకి తిప్పితే బాస్ ఉంది, కుడికి తిప్పినా ఉంది, మధ్యకి రాగానే ఎవరో స్విచ్ ఆపినట్టు పోయింది. కుడి డోర్ ప్యాడ్ విప్పి చూస్తే స్పీకర్ దగ్గర వైర్లు కోసి, మెలేసి, నల్ల టేపు చుట్టి ఉంది. పాత ఓనరు స్పీకర్ మార్పించినట్టున్నాడు. ఎడమ పక్క ప్లస్‌కి వెళ్లిన రంగు ఇక్కడ మైనస్‌కి వెళ్లింది. తిప్పి కలిపాను. అంతే, డ్రమ్ము వచ్చి డ్యాష్‌బోర్డు మధ్యలో కూర్చుంది. బాస్ సున్నాలో ఉంది, వాల్యూం 33 దాకా గోకుడు లేదు.

ఇంకొకటి. లోపల రేకు మీద ఉండే ప్లాస్టిక్ షీటు స్పీకర్ పక్కన జానెడు చిరిగి ఉంది. పాట పెట్టి ఆ కన్నానికి అరచెయ్యి అడ్డం పెడితే బాస్ బరువెక్కుతోంది, తీస్తే పలచబడుతోంది. పదిసార్లు అదే ఆట ఆడాను. దాన్ని టేపుతో మూసేయొచ్చా? ప్యాడ్ లాగుతుంటే రెండు క్లిప్పులు కూడా విరిగాయి. ఇప్పుడు డోర్ బుర్రుమంటోంది.

సోల్డరింగ్ మామయ్య:

కోన్ వెనక గాలి ఆ కన్నంలోంచి ముందుకొచ్చి ముందు గాలిని తినేస్తోంది. మూసేయండి, కానీ మామూలు టేపు ఎండకి ఊడిపోతుంది, బ్యూటైల్ షీటు (జిగురు రబ్బరు) ముక్క అంటించండి. డోర్ అడుగున నీళ్లు పోయే కన్నాలు మాత్రం మూయకండి, రేకు తుప్పు పడుతుంది. కొన్ని కార్లలో ఎయిర్‌బ్యాగ్‌కి కబురు పంపే ప్రెషర్ సెన్సర్ డోర్‌లోనే ఉంటుంది, దాని జోలికి పోకండి. ఆ మెలేసిన వైర్లు సోల్డర్ చేయించండి. క్లిప్పులు కొత్తవి వేసేదాకా ఆ రెండు చోట్లా చిన్న స్పాంజి ముక్క పెట్టి నొక్కండి, బుర్రు ఆగుతుంది. డోర్ పాకెట్‌లో నీళ్ల సీసా ఉంటే ముందు అది తీసి చూడండి.

వెనకసీటు శ్రోత:

సీసాయేనండీ.