డబ్బడిగిన బ్లాగర్‌కి కూడా పత్రికలకున్న రక్షణ ఉండాలా?

గోదారిగట్టు:
యూట్యూబ్ విలేకరుల మీద ఇక్కడ ఎప్పుడూ ఊరికే అరుచుకుంటున్నాం. ఈసారి ఒక నిజమైన కేసు పెట్టుకుని మాట్లాడుకుందాం. క్రిస్టల్ కాక్స్ అనే ఆవిడది అమెరికాలోని మోంటానాలో యురేకా అనే చిన్న ఊరు. అంతకుముందు ఇళ్లు, స్థలాల బ్రోకరు. ఒరెగాన్‌లో సమ్మిట్ అనే సంస్థ దివాలా తీసింది. ఆ లెక్కలు చక్కబెట్టడానికి వచ్చిన ఆబ్సిడియన్ ఫైనాన్స్ గ్రూపు మీద, ట్రస్టీగా కోర్టు వేసిన దాని భాగస్వామి మీద ఈవిడ వరసపెట్టి రాసింది. మోసం చేశారు, పన్నులెగ్గొట్టారు అని. 2011లో పరువునష్టం దావా వేశారు. లాయర్ని పెట్టుకోకుండా తనే వాదించుకుంది. జూరీ 25 లక్షల డాలర్లు కట్టమంది. 2014 జనవరిలో తొమ్మిదో సర్క్యూట్ అనే అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసి మళ్లీ విచారించమంది. సబబేనా?

పాత విలేకరి:
అసలు ముక్క మీరు వదిలేశారు. రాతలు ఆపమని నోటీసు వెళ్లాక ఆవిడ వాళ్ల లాయరుకి మెయిల్ పెట్టింది. నెలకి 2,500 డాలర్లిస్తే ఇంటర్నెట్‌లో మీ పేరు చక్కబెట్టే పని చేసిపెడతానని! బురద తనే చల్లి, కడగడానికి కూలీ అడిగింది. డెస్కులో ఇరవై ఏళ్లు కూర్చున్నవాణ్ణి, ఇలాంటి వాళ్లని నాతో ఒకే గాటన కట్టొద్దు.

ప్లీడరు గుమస్తా:
విలేకరి గారూ, మీ కోపం న్యాయమే. కానీ అప్పీలు కోర్టు ఆవిడకి మంచి మనిషని సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఇలా ఆరోపణలు చేసి, వెనక్కి తీసుకోవడానికి డబ్బడిగే అలవాటు ఈవిడకి ఉన్నట్టుందని తీర్పులోనే రాశారు. ఆ తర్వాతే రక్షణ ఇచ్చారు. ప్రజలకు సంబంధించిన విషయం మీద రాసినప్పుడు, రాసింది తప్పని తేలితే సరిపోదు, కనీసం అజాగ్రత్తగానైనా రాశారని రుజువు చేయాలి. పత్రికలకు 1974 నుంచీ ఉన్న నియమం ఇది. కింది కోర్టు జూరీకి ఆ మాట చెప్పలేదు, ఈవిడ మీడియా కాదు కాబట్టి వర్తించదంది. పైకోర్టు చెప్పింది ఒక్కటే, రాసేవాడికి జర్నలిజం డిగ్రీ ఉందా, పేపరాఫీసు ఉందా అని చూడక్కర్లేదని.

నల్లమల కుర్రాడు:
అయితే డబ్బడిగినా ఓకేనా అన్నా?

ప్లీడరు గుమస్తా:
ఓకే అని ఎవరన్నారు? అది వేరే నేరం, వేరే కేసు. రెండూ కలిపేస్తే రేపు నిజాయితీగా రాసేవాడి నోరు కూడా "నువ్వు విలేకరివి కాదు" అన్న ఒక్క మాటతో మూయించొచ్చు.

శాన్‌హోసే కోడలు:
మా కాలిఫోర్నియా కూడా ఆ తొమ్మిదో సర్క్యూట్ కిందే వస్తుంది, అందుకని అప్పట్లో ఈ కేసు కాస్త చదివాను. నాకు మింగుడు పడనిది వేరే. ఆవిడ రాసిన వాటిలో జూరీ దాకా వెళ్లింది ఒక్క పోస్టే, 2010 డిసెంబర్ 25న రాసింది. మిగతావన్నీ జడ్జి ముందుగానే కేసులోంచి తీసేశారు. ఎందుకో తెలుసా? ఆ తిట్లు, ఆ శాపనార్థాలు, ఆ సైట్ల పేర్లు చూస్తే చదివేవాడెవడూ వాటిని నిజం కింద తీసుకోడని. అంటే ఎంత అడ్డదిడ్డంగా రాస్తే అంత క్షేమం! కాస్త వివరంగా, నమ్మేలా రాసిన పోస్టే ఆవిడని పట్టించింది. కోర్టు దృష్టిలో ఎవరూ నమ్మని రాతలే అవతలివాడి పేరు గూగుల్లో కొడితే వచ్చేవి. బ్యాంకువాడో కొత్త క్లయింటో జడ్జిలా కూర్చుని శైలి పరిశీలించడు కదా. చూస్తాడు, ఫోన్ చేయడం మానేస్తాడు.

పాత విలేకరి:
అదీ మాట. ఇంకోటి కూడా ఉందమ్మా. ఒక లాయరుతో చెడితే ఆయన పేరు మీదే కాదు, భార్య పేరు మీద, పసిపిల్ల పేరు మీద కూడా డొమైన్లు కొనిపెట్టుకుంది. 2012లో వైపో (డొమైన్ తగాదాలు తీర్చే ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) కల్పించుకుని కొన్నిటిని ఆయనకి ఇప్పించింది. ఇంత జరిగాక ఆవిడ రేపు నిజంగా ఒక కుంభకోణం బయటపెట్టినా ఎవడు నమ్ముతాడు?

గోదారిగట్టు:
మన దగ్గరైతే ఏమయ్యేది?

ప్లీడరు గుమస్తా:
మన రాజ్యాంగంలో పత్రికలకు విడిగా హక్కేమీ లేదు. 19(1)(ఎ) అంటే వాక్ స్వాతంత్య్రం, అది పౌరులందరిదీ, ఎడిటరుకీ బ్లాగర్‌కీ అదే దిక్కు. ఆన్‌లైన్ రాతలకి జైల్లో పెట్టే ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ని 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది గానీ, పరువునష్టం నేరంగానే ఉండాలని 2016లో చెప్పింది. ఇప్పుడు అది ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 356, రెండేళ్ల దాకా జైలు. పైగా రాసింది నిజమైతే చాలదు, ప్రజల మేలు కోసం రాసినట్టు కూడా చూపించాలి. కాక్స్ ఇక్కడుంటే మేజిస్ట్రేట్ కోర్టు చుట్టూ తిరుగుతూ ఉండేది. డబ్బడిగిన దానికి బెదిరింపు వసూళ్ల సెక్షన్ 308.

నల్లమల కుర్రాడు:
సెక్షన్లు బాగానే ఉన్నాయి అన్నా, కేసు పెట్టేదెవరు? మా మండలంలో ఒక చిన్న ప్రైవేటు స్కూలాయన మీద "సంచలనం" అని వీడియో పెట్టారు. మర్నాడు యాడ్ పేరుతో పదిహేను వేలు, వీడియో మాయం. అందులో చెప్పింది నిజమో అబద్ధమో ఇప్పటికీ మాకెవరికీ తెలీదు. బస్సుకి ఫిట్‌నెస్ లేదన్నారు, పిల్లలెక్కే బస్సు. నిజమైతే డబ్బు తీసుకుని దాచారు, అబద్ధమైతే డబ్బు కోసం పుట్టించారు. నాకు ఎక్కువ కోపం మొదటిదాని మీదే.

శాన్‌హోసే కోడలు:
తమ్ముడూ, ఇది మంచి పాయింట్. పరువు పోయినవాడి గురించే అందరం మాట్లాడాం, ఆ బస్సు గురించి ఎవరం అనుకోలేదు.

పాత విలేకరి:
కాక్స్ కనీసం మెయిల్లో రాసి దొరికిపోయింది. మనవాళ్లు వాట్సాప్ కాల్‌లోనే అడుగుతారు. రుజువేదీ?

ప్లీడరు గుమస్తా:
కాల్ కట్ అయిన వెంటనే అదే నంబరుకి మనమే ఒక మెసేజ్ పెట్టాలి, "వీడియో తీసేయడానికి ఇందాక మీరడిగిన మొత్తం ఎక్కువ" అని. జవాబొస్తే మంచిదే. రాకపోయినా తేదీ, టైము మిగులుతాయి. ఆ స్కూలాయన దగ్గర యాడ్ రసీదు ఉందేమో అడుగు తమ్ముడూ, వీడియో తీసేసిన తేదీ పక్కన పెట్టి చూద్దాం. బస్సు సంగతి ఆర్టీఓ ఆఫీసులో ఆర్టీఐ వేస్తే తెలిసిపోతుంది, దానికి విలేకరి అక్కర్లేదు.