ఫోటో ఫైళ్లన్నిటికీ కొత్త తోక వచ్చింది, క్రోమ్‌ల ఎక్స్‌టెన్షన్ పోతలేదు. ఫార్మాట్ కొట్టాల్నా?

హన్మకొండ_ఆల్బం
అందరికి నమస్తే. హన్మకొండ చౌరస్తా దగ్గర మాది ఫోటో స్టూడియో. ఆల్బం డిజైన్ చేసే సిస్టంల నిన్నటిసంది ఒక్క ఫోటో తెరుచుకుంటలేదు. ప్రతి ఫైల్ పేరు చివర, జేపీజీ తర్వాత, ఇంకో చుక్క పెట్టి నాలుగు అక్షరాలు వచ్చినయి. ప్రతి ఫోల్డర్‌ల ‘_రీడ్‌మీ’ అని టెక్స్ట్ ఫైల్ ఉంది. 980 డాలర్లు కట్టాలె, 72 గంటలల్ల మాట్లాడితే 490 అంట. మొన్న సాయంత్రం ఈ సిస్టంల ఏదో ఆల్బం ప్లగిన్ క్రాక్ ఎక్కించిన్రు. అప్పుడు విండోస్ అప్‌డేట్ లెక్క ఒక బాక్స్ చానాసేపు తిరిగింది.
అప్పటిసంది క్రోమ్‌ల ఏది వెతికినా వేరే సెర్చ్ పేజీకి పోతుంది. ఒక ఎక్స్‌టెన్షన్ కూర్చుంది, దానికి రిమూవ్ బటన్ పనిచేస్తలేదు. రిపేర్ షాపాయన ఫార్మాట్ కొడ్త అంటుండు. పెండ్లిళ్ల ఫోటోలు, మేడారం జాతర వీడియోలు అన్ని అండ్లనే ఉన్నయి. యాంటీవైరస్ స్కాన్ చేస్తే ఫైళ్లు మల్ల మామూలైతయా?

కాజీపేట_జంక్షన్
అక్కా, ముందుగాల లాన్ వైర్ పీకున్రి, వైఫై బంద్ పెట్టున్రి. బయటి హార్డ్ డిస్క్, పెన్ డ్రైవ్ ఏదున్నా తీసెయ్యిన్రి. కొత్తవి అస్సలు పెట్టకున్రి. ఇంకా ఫైళ్ల పేర్లు మారుతనే ఉంటె సిస్టం ఆపెయ్యిన్రి. ఫార్మాట్ ఇప్పుడే వద్దు. ఆ రీడ్‌మీ ఫైల్ కూడ డిలీట్ చెయ్యకున్రి.

ఓరుగల్లు_సిస్టమ్స్
మీరు చెప్పిన గుర్తులు, అంటే రీడ్‌మీ నోట్, 980/490 డాలర్లు, దొంగ అప్‌డేట్ బాక్స్, క్రాక్, ఇవన్నీ ‘స్టాప్ డీజేవీయూ’ అనే రాన్సమ్‌వేర్‌వే, అంటే ఫైళ్లకు తాళం వేసి పైసలడిగే వైరస్‌వే. ఖాయం చేసుకోవాలంటే వేరే మంచి కంప్యూటర్ నుంచి ‘ఐడీ రాన్సమ్‌వేర్’ సైట్‌లో ఆ నోట్, పాడైన ఒక చిన్న ఫైల్ ఎక్కించండి, పేరు చెప్తుంది. కస్టమర్ ఫోటో ఎక్కించకండి, ఏ బ్యానర్ డిజైనో వెయ్యండి. యూరోపోల్, డచ్ పోలీసులు కలిసి 2016లో పెట్టిన ‘నో మోర్ రాన్సమ్’ సైట్‌లో కూడా ఇట్లనే చూసుకోవచ్చు, అక్కడి టూల్స్ అన్నీ ఉచితమే.

మీ అసలు ప్రశ్నకు జవాబు: కావు. వైరస్‌ను తీసెయ్యడం ఒక పని, ఫైళ్ల తాళం తియ్యడం ఇంకో పని. స్కాన్ చేస్తే తాళం వేసినోడు పోతడు గానీ తాళం అట్లనే ఉంటది. చాలామంది పేరు చివరి నాలుగక్షరాలు కొట్టేసి చూస్తరు. దాంతో పేరు మారుతది తప్ప ఫైల్ తెరుచుకోదు.

తాళం తీయగలమా లేదా అన్నది మీ పర్సనల్ ఐడీ చెప్తది. నోట్ చివరి వరుసలో ఉంటది. సీ డ్రైవ్‌లో ‘సిస్టమ్ ఐడీ’ ఫోల్డర్ లోపల ‘పర్సనల్ ఐడీ’ అనే టెక్స్ట్ ఫైల్‌లో కూడా ఉంటది. చివరి రెండు అక్షరాలు చిన్న ‘టీ’, పక్కన ‘1’ అయితే అది ఆఫ్‌లైన్ కీ (తాళంచెవి). అంటే వైరస్‌కు తన సర్వర్ దొరకక తనలోనే ఉన్న ఒక్క కీతో అందరి ఫైళ్లూ మూసింది. ఆ కీ ఎవరి దగ్గరి నుంచైనా బయటికొస్తే ఎమ్సీసాఫ్ట్ అనే యాంటీవైరస్ కంపెనీ వాళ్ల ఉచిత డిక్రిప్టర్‌తో (తాళం తీసే టూల్) మీ ఫైళ్లూ తెరుచుకుంటాయి. ‘టీ1’ లేకపోతే ఆన్‌లైన్ కీ. అది మీ ఒక్కరి కోసమే పుట్టిన కీ, వాళ్ల సర్వర్‌లో తప్ప ఎక్కడా లేదు. 2019 ఆగస్టుకు ముందటి రకాలకు పాడైన ఫైల్, దాని అసలు కాపీ జత ఇస్తే పని అయ్యేది. ఇప్పటి రకాలకు అది నడవదు. యూట్యూబ్ కామెంట్లలో, ఇన్‌స్టాలో ‘ఆన్‌లైన్ కీ కూడా ఓపెన్ చేస్తం’ అనేటోళ్లను నమ్మకండి, పైసలు తీసుకుని మాయమైతరు.

ఇప్పుడు చేయాల్సింది: పాడైన ఫైళ్లన్నీ, నోట్, ఆ ఐడీ ఫైల్ కలిపి ఒక ఖాళీ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి దాచండి. కీ రేపు కాకపోయినా ముందుముందు రావచ్చు. ఈ కాపీ మాత్రం వైరస్ ఆగినంకనే. ఈ రకం తనంతట తాను ఆగదు మరి. విండోస్‌లో టైం ప్రకారం పనులు నడిపే టాస్క్ షెడ్యూలర్‌లో ‘టైమ్ ట్రిగ్గర్ టాస్క్’ అని పెట్టుకుని 5 నిమిషాలకోసారి లేస్తది. మీరు డిస్క్ తగిలించంగనే దాన్నీ మూస్తది. అందుకే పాడైన సిస్టంలోని డిస్క్‌ను విప్పి వేరే సిస్టంకు యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి కాపీ చేస్తే అన్నిటికంటే మంచిది. లేదంటే లైనక్స్ పెన్ డ్రైవ్‌తో బూట్ చేయండి, విండోస్ లేవకపోతే వైరసూ లేవదు.

జగిత్యాల_డెస్క్
విండోస్ సెక్యూరిటీలో ‘డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్’ పెడితే చాలు కదా? రీస్టార్ట్ అయి 15 నిమిషాల్లో అయిపోతుంది. ఫార్మాట్ దేనికి?

ఓరుగల్లు_సిస్టమ్స్
@జగిత్యాల_డెస్క్ రాన్సమ్‌వేర్ ఒక్కటే అయితే మీరన్నది సరే. డీజేవీయూ ఒంటరిగా రాదు, విడార్, రెడ్‌లైన్ లాంటి పాస్‌వర్డ్ దొంగలను చాలాసార్లు వెంట తెస్తది. హోస్ట్స్ ఫైల్‌లో యాంటీవైరస్ సైట్ల పేర్లు రాసి అవి తెరుచుకోకుండా చేస్తది. వీటిల్లో ఏది మిగిలిందో తేల్చుకునే కంటే కాపీ తీసుకున్నంక విండోస్ కొత్తగా వేసుకోవడమే నయం. షాపాయన మాట తప్పు కాదు, కాపీ తియ్యకముందే అనడం తప్పు.

కరీంనగర్_బ్రౌజర్
ఎక్స్‌టెన్షన్ సంగతి నేను చెప్తా. విండోస్ మళ్లీ వేసినా ఇది తిరిగి రావచ్చు, కాబట్టి జాగ్రత్తగా చదవండి.

క్రోమ్ మూడు చుక్కల మెనూ అడుగున ‘మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్’ అని ఉందా చూడండి. ఆఫీసు సిస్టంలలో అది మామూలే, కొన్ని యాంటీవైరస్‌లు పెట్టినా కనిపిస్తుంది. మీ సొంత స్టూడియో సిస్టంలో కొత్తగా వచ్చిందంటే మాత్రం ఎవరో పాలసీ, అంటే మీరు మార్చలేని కట్టడి, పెట్టారన్నమాట. అందుకే రిమూవ్ బటన్ పనిచేయడం లేదు.

అడ్రస్ బార్‌లో ‘క్రోమ్://పాలసీ’ అని ఇంగ్లిష్‌లో కొట్టండి. అక్కడ ‘ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ ఫోర్స్‌లిస్ట్’ ఎదురుగా 32 అక్షరాల పొడుగు ఐడీ ఉంటుంది. ఎక్స్‌టెన్షన్స్ పేజీలో డెవలపర్ మోడ్ ఆన్ చేసి ఏ ఎక్స్‌టెన్షన్ ఐడీ దానికి సరిపోతుందో చూస్తే దొంగ దొరుకుతాడు. తర్వాత క్రోమ్ మూసి రెజెడిట్ (విండోస్ సెట్టింగులు దాచే రెజిస్ట్రీని మార్చే టూల్) తెరవండి. హెచ్‌కీ లోకల్ మెషీన్ › సాఫ్ట్‌వేర్ › పాలసీస్ › గూగుల్ › క్రోమ్ దగ్గర ఆ ఫోర్స్‌లిస్ట్ తీసెయ్యండి. హెచ్‌కీ కరెంట్ యూజర్ కింద కూడా ఇదే దారిలో చూడాలి, చాలామంది దాన్ని మర్చిపోతారు. తీసే ముందు రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ కొట్టి ఒక కాపీ ఉంచుకోండి. ఎడ్జ్ వాడితే మైక్రోసాఫ్ట్ › ఎడ్జ్ కింద ఇదే పని.

ఇంత చేసినా రీస్టార్ట్ తర్వాత మళ్లీ వస్తే టాస్క్ షెడ్యూలర్‌లో పవర్‌షెల్‌ను నడిపే వింత టాస్క్ ఏదో ఉంటుంది. అది తీస్తే తప్ప రెజిస్ట్రీలో ఎన్నిసార్లు కొట్టేసినా లాభం లేదు. మాల్‌వేర్‌బైట్స్ వాళ్ల ఆడ్‌డబ్ల్యూక్లీనర్ ఇందుకు బాగా పనికొస్తుంది, ఉచితం. క్రోమ్‌లో ఉండే సొంత క్లీనప్ టూల్‌ను గూగుల్ 2023లో తీసేసింది, దానికోసం వెతకకండి.

ఇక కొత్త విండోస్‌లోకి కూడా ఎట్లా వస్తుందంటే, సింక్ వల్ల. మీ గూగుల్ అకౌంట్‌తో క్రోమ్‌లో లాగిన్ కాగానే పాత ఎక్స్‌టెన్షన్లు తామే దిగుతాయి. సింక్ సెట్టింగ్స్‌లో ముందు ఎక్స్‌టెన్షన్స్ టిక్ తీసేసి, ఆ తర్వాత మిగతావి ఆన్ చేయండి.

హన్మకొండ_ఆల్బం
చాన థాంక్స్. డిస్క్ విప్పి వేరే సిస్టంకు పెట్టి చూసినం. పర్సనల్ ఐడీ ఫైల్‌ల రెండు ఐడీలు ఉన్నయి. ఒకదాని చివర టీ1 ఉంది, ఇంకోదానికి లేదు. ఇదేంది? కెమెరా కార్డులు మాత్రం ఫార్మాట్ చేసినయి నాలుగైదు పక్కన పడున్నయి.

ఓరుగల్లు_సిస్టమ్స్
మధ్యలో నెట్ పోయి వచ్చినట్టుంది. నెట్ లేనప్పుడు మూసినవి ఆఫ్‌లైన్ కీతో, ఉన్నప్పుడు మూసినవి ఆన్‌లైన్ కీతో. అంటే కొన్ని ఫైళ్లకు ఆశ ఉంది. డిక్రిప్టర్‌ను కాపీ మీదనే నడపండి. ఇప్పుడు ‘కీ లేదు’ అన్నా అప్పుడప్పుడు మళ్లీ నడిపి చూస్తుండండి.

ఆ కార్డులు బంగారం అక్కా! కెమెరాల్లో చేసే ఫార్మాట్ మామూలుగా ఫైళ్ల పట్టిక ఒక్కదాన్నే తుడుస్తది, దాని మీద కొత్త ఫోటోలు తీయనంతవరకు లోపలి డేటా ఉంటది. ఇప్పట్నుంచి వాటితో షూట్ చేయొద్దు. కార్డు పక్కనున్న చిన్న లాక్ మీటను కిందికి జరిపి కార్డ్ రీడర్‌లో పెట్టండి. ఫోటోరెక్ అనే ఉచిత టూల్‌లో మీ ఫైల్ రకాలు (జేపీజీ లాంటివి) మాత్రం టిక్ చేసి, దొరికినవాటిని వేరే డిస్క్‌లోకి దింపండి. ఫైళ్ల పేర్లు పోతయి, తేదీలతో గుర్తుపట్టాలె.

వీడియోలకు ఇంకో దారి ఉంది. ఈ వైరస్ తొందరలో ప్రతి ఫైల్ మొదటి 150 కేబీ వరకే మూస్తది. రెండు జీబీల జాతర వీడియోలో అది ఏ మూలకు? ‘మీడియా రిపేర్’ అనే ఉచిత టూల్‌కు అదే కెమెరాతో, అదే రిజల్యూషన్, అదే ఫ్రేమ్ రేట్‌తో తీసిన బాగున్న వీడియో ఒకటి నమూనాగా ఇస్తే, ఎంపీ4, ఎమ్‌ఓవీ ఫైళ్లు చాలావరకు ఆడతయి, మొదటి కొన్ని సెకన్లు పోవచ్చు. ఆన్‌లైన్ కీతో మూసినవాటికి కూడా ఇది నడుస్తది. ఫోటోలకు ఇంత సులువు కాదు.

కాజీపేట_జంక్షన్
అక్కా, పాస్‌వర్డ్‌లు మార్చుడు మర్వకున్రి. ఆ సిస్టంల కాదు, ఫోన్‌ల. జీమెయిల్ మొదలు, తర్వాత బ్యాంక్, ఇన్‌స్టా. పాస్‌వర్డ్ మార్చినా దొంగిలించిన కుకీతోని (బ్రౌజర్‌ల దాగే లాగిన్ గుర్తు) లోపలికి వస్తరు, అందుకే గూగుల్ అకౌంట్ల ‘యువర్ డివైసెస్’ల ఆ సిస్టంను సైన్ అవుట్ చెయ్యిన్రి. వాట్సాప్ లింక్డ్ డివైసెస్ గూడ. అకౌంట్ల నుంచి పైసలు పోతే ఆలస్యం చెయ్యకుండ సైబర్ హెల్ప్‌లైన్ 1930కి కొట్టున్రి. పోకపోయినా సైబర్‌క్రైమ్ పోర్టల్‌ల ఫిర్యాదు పెట్టున్రి, నోట్ ఫోటో, వాళ్లిచ్చిన మెయిల్ ఐడీలు జతచేసి. గూగుల్ డ్రైవ్ సింక్ ఉన్నదా సిస్టంల? ఉంటె డ్రైవ్ ట్రాష్ ఇయ్యాల్నే చూడున్రి. డిలీట్ అయిన పాత ఫైళ్లు అండ్ల 30 రోజులే ఉంటయి.