ఇన్లే సైకిల్ టూర్‌కి ఇప్పుడు వెళ్ళడం సబబేనా?

కొండదారి:
మా సైకిల్ గ్రూపులో నలుగురం నవంబరులో మియన్మార్ వెళ్దామనుకుంటున్నాం. షాన్ రాష్ట్రంలో ఇన్లే సరస్సు చుట్టూ పల్లెలు, సంతలు తిప్పే టూర్, వెంట గైడ్ ఉంటాడు. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కున్నాక అక్కడికి షికారుకు వెళ్ళడం తప్పని ఒకరంటారు. వెళ్ళకపోతే పల్లెవాళ్ళ పొట్ట కొట్టినట్టేనని ఇంకొకరంటారు. మీరేమంటారు?

సంతబజారు:
వెళ్ళమనే అంటాను. సైన్యం రాకముందు ఆ దారిలో తొక్కాను. సరస్సు దగ్గరి పట్టణం న్యాంగ్‌ష్వేలో సైకిల్ అద్దెకు తీసుకుని పడమటి గట్టున ఖౌంగ్‌డైంగ్ దాకా పోవాలి. అక్కడ సైకిళ్ళు పడవలోకి ఎక్కించి, సరస్సు దాటి మైంగ్‌థౌక్‌లో దిగి, తూర్పు గట్టున వెనక్కి రావాలి. ఖౌంగ్‌డైంగ్ టోఫుకి పేరున్న ఊరు. సోయాతో కాదు, శనగలతో చేస్తారు. పిండి కలిపిన నీళ్ళని పెద్ద మూకుడులో అడుగంటకుండా కలియతిప్పుతూ ఉడికించి, పళ్ళేల్లో పోసి, గట్టిపడ్డాక పసుపుపచ్చ ముక్కలుగా కోస్తారు. వేడివేడిగా నూనెలో వేయించి పెడితే ఎన్ని తిన్నామో లెక్కే ఉండదు.

సంత రోజుకో ఊరు మారుతుంది, ఒక్కో ఊరికి ఐదు రోజులకోసారి వస్తుంది. తెల్లారకముందే పావో తెగ ఆడవాళ్ళు నల్ల బట్టల్లో, తలకి నారింజరంగు తుండు చుట్టుకుని, కొండల మీంచి మూటలతో దిగుతారు. ఆ సంతలో మనం పెట్టే ఖర్చు నేరుగా వాళ్ళ చేతిలోనే పడుతుంది. కోవిడ్ దెబ్బకి టూరిస్టులు పోయారు, సైన్యం దెబ్బకి మళ్ళీ రాలేదు. 2025 మార్చి 28న 7.7 తీవ్రతతో భూకంపం వచ్చి సరస్సులో కర్రల మీద కట్టుకున్న ఇళ్ళు ఎన్నో కూలిపోయాయి. ఇప్పుడు మనం కూడా మొహం చాటేస్తే ఎలా?

తూర్పుగాలి:
అన్నా, సంతలో డబ్బు సంగతి ఒప్పుకుంటా. మిగతా ఖర్చు సంగతేంటి? టూరిస్టు వీసాకి 50 డాలర్లు ఆ ప్రభుత్వానికే. విదేశీయులు లైసెన్సు ఉన్న హోటళ్ళలోనే దిగాలి. సాయంత్రం తాగే మియన్మార్ బీరు సైన్యం కంపెనీదే. అందులో భాగస్వామిగా ఉన్న జపాన్ కిరిన్ సంస్థే వద్దనుకుని బయటికొచ్చేసింది. సరస్సుకు దక్షిణాన పెకోన్, లోయికావ్ వైపు యుద్ధం జరిగింది. అటు బాంబులు పడి ఊళ్ళు ఖాళీ అయితే, ఇటు మనం ఫొటోలు దిగుతామా?

బర్మాక్యాంపు:
మాది విశాఖ కంచరపాలెం. మా తాతలు రంగూన్ నుంచి వచ్చినవాళ్ళు. 1962లో సైన్యాధిపతి నె విన్ అధికారం లాక్కున్నాడు, 1964లో దుకాణాలు జాతీయం చేశారు, కట్టుబట్టలతో ఓడెక్కారు. మోలమైన్ వైపు ఇప్పటికీ తెలుగు కుటుంబాలున్నాయి. వాళ్ళని చూడాలని మా నాన్నకి ఎంతో ఆశ. అయినా ఇప్పుడు పంపను. 2025లో థాయ్ సరిహద్దులోని మ్యావడి సైబర్ మోసాల శిబిరాల నుంచి మన తెలుగు పిల్లల్ని విమానంలో వెనక్కి తెచ్చుకున్నాం కదా. ఇన్లేకి అది చాలా దూరమని తెలుసు. కానీ ఏదైనా జరిగితే అడిగే నాథుడు లేని దేశం అది.

సంతబజారు:
భద్రత వేరు, న్యాయం వేరు, రెండూ కలపొద్దండి. 1990లలో ప్రజాస్వామ్యం కోసం పోరాడిన ఆంగ్ సాన్ సూకీయే టూరిస్టుల్ని రావొద్దన్నారు. 2010లో ఆమె పార్టీ ఆ మాట సడలించి, పెద్ద గుంపులుగా కాకుండా విడిగా వచ్చేవాళ్ళు రావొచ్చంది. అన్నేళ్ళు రావొద్దన్నా సైన్యం దిగిపోలేదని చూశాకే కదా ఆ మార్పు?

తూర్పుగాలి:
అప్పుడు రమ్మనడానికి, వద్దనడానికి జనం ఎన్నుకున్న గొంతు ఒకటుంది. 2021లో సైన్యం ఆమెని నిర్బంధించాక ఎవర్నడిగి వెళ్తాం? టూర్‌లో నన్ను నిద్రపోనివ్వని మనిషి గైడ్. 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక చట్టం అమల్లోకి తెచ్చారు. మగవాళ్ళయితే 18 నుంచి 35, ఆడవాళ్ళయితే 18 నుంచి 27 ఏళ్ళవాళ్ళని తీసుకోవచ్చు. మన ముందు సైకిల్ తొక్కే కుర్రాడిది సరిగ్గా ఆ వయసే. ప్రతి చెక్‌పోస్టు దగ్గరా మన పాస్‌పోర్టు చూసి మనల్ని వదిలేస్తారు. వాడి గుర్తింపు కార్డు చూసి వాణ్ణి దింపేస్తే? కూలి కోసం వాడు మన వెంట రానని అనలేడు. ఆ పల్లెవాళ్ళు కూడా మనల్ని రావొద్దని మొహం మీద చెప్పలేరు. నవ్వుతూ టీ పోస్తారు, మనం దాన్ని ఆహ్వానం అనుకుంటాం. కొండదారి గారూ, బుక్ చేసేముందు ఏజెంటుని ఈ ఒక్కటీ అడగండి: గైడ్‌ని ఆపితే మీరేం చేస్తారు?

కొండదారి:
ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను. “మీకేం ఇబ్బంది రానివ్వం సార్” అన్నారు. గైడ్ గురించి రెండుసార్లు అడిగినా అదే జవాబు. మిగతా ముగ్గురితో మాట్లాడాను, నవంబరుకి వద్దనుకున్నాం.

సంతబజారు:
మీ నిర్ణయం మీది, గౌరవిస్తాను. గైడ్ సంగతి నేను ఆలోచించాల్సిన మాటే. అలాగని ఖౌంగ్‌డైంగ్‌లో టోఫు చేసే ఇళ్ళకి ఇక గిరాకీ వద్దని మాత్రం నేననను. గైడ్, గుంపు లేకుండా, అద్దె సైకిల్ మీద ఒక్కణ్ణే పోతాను. తూర్పుగాలి తమ్ముడూ, అప్పుడైనా వద్దంటావా?