ఫోన్‌తో తీసిన ప్యాకేజీలో ఆడియో జారిపోతోంది, ఒత్తులు ఊడిపోతున్నాయి, పైగా రిఫ్లెక్షన్ రాయమన్నారు. హెల్ప్ ప్లీజ్

ప్రశ్న (ఎంఏ జర్నలిజం, హైదరాబాద్)
అన్నలకు, అక్కలకు నమస్తే. గుడిమల్కాపూర్ పూల మార్కెట్ మీద మేం ఒక మల్టీమీడియా ప్యాకేజీ చేస్తున్నాం, అంటే మూడు నిమిషాల వీడియో, కొన్ని ఫొటోలు, వాటితో పాటు ఒక కథనం. షూట్ మొత్తం ఫోన్‌తోనే. ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేసి చూస్తే హమాలీ బైట్ (కెమెరా ముందు మాట్లాడిన ముక్క) మొదట్లో బాగానే ఉంటోంది, పోనుపోను పెదాలు ఒక దారి, మాట ఒక దారి. టైటిల్‌లో ‘మార్కెట్’ అని కొడితే ఒత్తు ఊడి పక్కన పడుతోంది. ట్యూబ్‌లైట్ కింద తీసిన షాట్లలో నల్ల గీతలు పాకుతున్నాయి. ఇవి చాలవన్నట్టు రిఫ్లెక్షన్ అంటూ ‘ఏం నేర్చుకున్నారో రెండు పేజీలు రాసివ్వండి’ అన్నారు మేడమ్. సబ్మిషన్ సోమవారం, టెన్షన్‌గా ఉంది.

జవాబు (వీడియో ఎడిటర్)
చెల్లెమ్మా, మొదటి నుంచి చివరి దాకా ఒకే తేడా ఉంటే ఆడియోని కాస్త జరిపితే చాలు. నీది పోనుపోను పెరుగుతోంది కాబట్టి అది ఫ్రేమ్ రేట్ గొడవ. ఫోన్లు సెకనుకు ఇన్ని ఫ్రేములని ఒక్క లెక్క మీద నిలబడవు, వెలుతురు తగ్గితే అవే తగ్గించేసుకుంటాయి. హ్యాండ్‌బ్రేక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో వీడియో ట్యాబ్‌కి వెళ్లి ‘కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్’ ఎంచుకుని క్లిప్పులన్నీ మార్చి, కొత్తవాటితో ఎడిట్ చెయ్. ఒరిజినల్స్ మాత్రం డిలీట్ చేయొద్దు.

ఒత్తుల సంగతి: ప్రీమియర్ ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ కింద టెక్స్ట్ ఇంజిన్‌ని ‘సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్’కి మార్చు, ఆ తర్వాత కొత్త టెక్స్ట్ లేయర్ తీసుకుని మళ్లీ కొట్టు. ఫాంట్ యూనికోడ్‌దే వాడు, మండలి, రామభద్ర లాంటివి ఉచితంగా దొరుకుతాయి. డీటీపీ సెంటర్లో యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టించిన మ్యాటర్ తెచ్చి అతికిస్తే మాత్రం చిందరవందరే.

గీతలకు ఎడిటింగ్‌లో పెద్దగా మందు లేదు. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబ్‌లైట్ సెకనుకు వందసార్లు మినుకుమంటుంది, కంటికి తెలియదు గానీ కెమెరాకి తెలుస్తుంది. ఫోన్ కెమెరాలో సెట్టింగులు మనమే పెట్టుకునే ప్రో మోడ్‌లో సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను పెట్టి ఆ షాట్లు మళ్లీ తీసుకో. ఎలాగూ వెళ్తావు కాబట్టి, ఎవరూ మాట్లాడకుండా ఒక్క అర నిమిషం మార్కెట్ చప్పుడు కూడా రికార్డ్ చేసుకో, కట్‌ల మధ్య అతుకులు కనపడకుండా అదే కాపాడుతుంది.

జవాబు (డెస్క్‌లో పనిచేసే అక్క)
రిఫ్లెక్షన్ గురించి నేను చెప్తా. దయచేసి ‘టీమ్‌వర్క్ నేర్చుకున్నాను, సమయపాలన అలవడింది’ అని రాయకండి, ప్రతి బ్యాచ్‌లో సగం మంది అదే రాస్తారు, చదివేవాళ్లకి నిద్రొస్తుంది. సాఫ్ట్‌వేర్ల పేర్లు వరసగా రాసినా అంతే. మీరు తీసుకున్న నిర్ణయం ఒకటి పట్టుకోండి: ఏ బైట్ తీసేశారు, ఎందుకు తీసేశారు? బంతిపూల ధర వీడియోలో చెప్పించారా, రాతలో పెట్టారా? నన్నడిగితే ధరలు రాతలోనే ఉండాలి, బతుకమ్మ ముందు రేటు ఎలా పెరిగిందో వీడియోలో గడగడా చెప్పేస్తే ఎవరికీ గుర్తుండదు. అదే మూట దించేటప్పుడు హమాలీ పెట్టే కేకని ఎంత బాగా రాసినా వినపడదు, అది ఆడియోలోనే రావాలి. ఏది ఎందులో చెప్పాలో తేల్చుకోవడమే మల్టీమీడియా అంటే, మిగతాదంతా బటన్లు నొక్కడం (ఎడిటర్ తమ్ముడికి కోపం రావచ్చు, రానీ). ఎక్కడ ఆగిపోయారో, ఎలా బయటపడ్డారో అదీ రాయండి, టైమ్‌లైన్ స్క్రీన్‌షాట్ ఒకటి జత చేయండి.

ప్రశ్న అడిగినవారు
థాంక్యూ అన్నా, ఒత్తులు సెట్ అయ్యాయి! క్లిప్పులు కన్వర్ట్ అవుతున్నాయి. అక్కా, హమాలీ కేక విషయం మాకు తట్టనే లేదు, వీడియో దానితోనే మొదలుపెడతాం. ఇంకో డౌట్, ఫొటోల్లో ఒక చిన్నపిల్లాడు పూలమూట మోస్తున్నాడు, పదేళ్లుంటాయేమో, చాలా మంచి ఫ్రేమ్. వాడొచ్చా?

జవాబు (డెస్క్‌లో పనిచేసే అక్క)
మొహం కనపడితే వద్దు. చట్టానికి విరుద్ధంగా పనిలో ఉన్న పిల్లవాడు 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ‘సంరక్షణ అవసరమైన బాలుడి’ కిందికి వస్తాడు. అలాంటి పిల్లల గుర్తింపు బయటపెడితే సెక్షన్ 74 కింద ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ. ఇది పేపర్లకీ టీవీలకే కాదు, మీరు ఆన్‌లైన్‌లో పెట్టినా వర్తిస్తుంది. పేరు, బడి, ఊరు లాంటి ఆనవాళ్లు క్యాప్షన్లో కూడా రానివ్వకండి. వెనక నుంచి తీసిన ఫ్రేమ్ ఉందేమో చూడండి, మూట, చేతులు కనపడితే చాలు.

ప్రశ్న అడిగినవారు
వెనక నుంచి తీసింది ఒకటి ఉంది అక్కా, కొంచెం షేక్ అయింది గానీ అదే పెడతాం. రిఫ్లెక్షన్లో కూడా ఈ ఫొటో గురించే రాస్తా.