నాన్న లైసెన్స్ గడువు అయిపోయిందని కారు స్టేషన్‌లో పెట్టారు, నేనేమో బెంగళూరులో ఉన్నాను

పేట కుర్రాడు (ఆగస్టు 2023):

నిన్న పొద్దున అమ్మా నాన్నా నరసరావుపేట నుంచి గుంటూరులో పిన్ని గృహప్రవేశానికి బయల్దేరారు. దారిలో చెకింగ్. నాన్న లైసెన్స్ కార్డు తీసి ఇస్తే, గడువు 2022 జనవరిలోనే అయిపోయిందన్నారు. మా వ్యాగన్ ఆర్ తీసుకెళ్ళి స్టేషన్ ఆవరణలో పెట్టించారు. వీళ్ళిద్దరూ ఆటో ఎక్కి గుంటూరు చేరేసరికి పాలు పొంగించడం కూడా అయిపోయింది.

మా నాన్న గురించి ఒక మాట చెప్పాలి. ముప్ఫై మూడేళ్ళు ఆర్టీసీలో డ్రైవర్. 2021 జనవరిలో రిటైరయ్యాడు. దోర్నాల దాటాక ఆ శ్రీశైలం ఘాట్‌లో రాత్రిళ్ళు బస్సు నడిపిన మనిషి. ఆయన్ని పట్టుకుని "లైసెన్స్ లేకుండా బండి నడుపుతున్నావా" అనేసరికి నోట మాట రాలేదట. మామూలుగా అయితే గొడవ వేసుకునేవాడు. నిన్న తాళాలు చేతికిచ్చేసి, వెళ్ళి వేపచెట్టు కింద నిలబడ్డాడని అమ్మ చెప్పింది. రాత్రి అన్నం కూడా తినలేదు. నాకు కారు కన్నా అదే టెన్షన్‌గా ఉంది.

ఆర్సీ నా పేరు మీద ఉంది. నేను సెలవు పెట్టి రావాలా? పదివేలు అవుతుందని నోటిమాటగా చెప్పారట, నాన్నకు ఐదు, ఆయనకు బండి ఇచ్చినందుకు నాకు ఐదు. నిజంగా అంత ఉంటుందా? కాగితం మాత్రం ఏదీ ఇవ్వలేదు.

డిక్కీలో రెండు డబ్బాల అరిసెలు ఉండిపోయాయి. నవ్వకండి, పిన్నికి సారె కోసం చేసినవి. అమ్మ పొద్దున్నుంచి రెండుసార్లు అడిగింది.

కార్డు ఫోటో పెడుతున్నాను. నంబరు చెరిపేశాను.

తెనాలి సుబ్బు:

ఇంత ఆలోచన ఎందుకు బ్రదర్, ఎవరైనా తెలిసిన లీడర్‌తో ఒక ఫోన్ కొట్టించండి. సాయంత్రానికి కారు ఇంటి ముందు ఉంటుంది.

నల్లకోటు:

సుబ్బుగారూ, ఆ ఫోన్ వల్ల కారు వస్తుందేమో గానీ కేసు అక్కడే ఉంటుంది. నెల తర్వాత మళ్ళీ వీళ్ళే తిరగాలి.

పేట కుర్రాడు గారూ, మీరు రానక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 207 కింద లైసెన్స్ లేకుండా నడుపుతున్న బండిని ఆపి ఉంచే అధికారం పోలీసులకు ఉంది. అదే సెక్షన్ రెండో భాగంలో, బండి యజమాని గానీ, పట్టుకున్నప్పుడు బండి ఎవరి చేతిలో ఉందో వాళ్ళు గానీ కాగితాలతో దరఖాస్తు పెట్టుకుని విడిపించుకోవచ్చని కూడా ఉంది. అంటే నాన్నగారే వెళ్ళొచ్చు. ఆర్సీ మీ డిజీలాకర్‌లో ఉంటే చాలు. 2018 నుంచి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 139 ప్రకారం ఫోన్‌లో చూపించినదీ చెల్లుతుంది. మామూలు ప్రింటవుట్ ఒక్కటే ఇస్తే కొందరు వెనక్కి పంపుతారు, కాబట్టి నాన్నగారితో వెళ్ళేవాళ్ళ ఫోన్ నుంచి మీకు వీడియో కాల్ చేయించి మీ ఫోన్‌లోది చూపించండి. "మా నాన్నే నడుపుతున్నారు, ఆయనకే అప్పగించండి" అని ఒక ఉత్తరం కూడా సంతకం పెట్టి పంపండి.

పదివేల మాట అబద్ధం కాదు. లైసెన్స్ లేకుండా నడిపితే సెక్షన్ 181, అలాంటివాళ్ళకు బండి ఇస్తే సెక్షన్ 180. 2019 సవరణ తర్వాత రెండిటికీ ఐదేసి వేలు. అంతకుముందు 181 కింద ఐదొందలే ఉండేది. గడువు దాటాక నెల రోజులు చెల్లే పాత వెసులుబాటు కూడా ఆ సవరణతోనే పోయింది.

ముందు బండి పట్టుకున్నట్టు కాగితం రాయించుకోండి. అందులో కిలోమీటర్ల రీడింగ్, లోపలున్న వస్తువులు రాయమనండి. అరిసెలతో సహా.

ఎల్ బోర్డు:

మాది వినుకొండలో డ్రైవింగ్ స్కూల్. లాయరుగారు చెప్పినవన్నీ కరెక్టే, కానీ అక్కడిదాకా వెళ్ళకముందు ఆ ఫోటో ఇంకోసారి చూడండి తమ్ముడూ. కార్డు ప్లాస్టిక్ కవర్‌లో ఉంది. కవర్ లోపల కోటప్పకొండ స్వామి బొమ్మ కార్డుకు సగం అడ్డం పడింది. బొమ్మ పక్కన ఒక్క తేదీయే కనిపిస్తోంది.

హెవీ లైసెన్స్ ఉన్నవాళ్ళ కార్డు మీద రెండు గడువులు ఉంటాయి. టీఆర్ అంటే బస్సులకీ లారీలకీ, ఎన్‌టీ అంటే సొంత కార్లకీ బైకులకీ. పాత రూల్ ప్రకారం టీఆర్ మూడేళ్ళకు ఇచ్చేవాళ్ళు, యాభై దాటినవాళ్ళకు ఎన్‌టీ ఐదేళ్ళకు. 2022 జనవరిలో టీఆర్ అయిందంటే 2019 జనవరిలో రెన్యువల్ చేయించి ఉంటారు. ఆ లెక్కన ఎన్‌టీ 2024 జనవరి దాకా ఉండాలి. సొంత కారు నడపడానికి ఎన్‌టీ చాలు. కార్డు కవర్లోంచి బయటికి తీయించి చూడండి.

పేట కుర్రాడు:

అన్నా, ఇప్పుడే ఫోన్ చేశాను. నాన్న కళ్ళజోడు వెతుక్కుని, బొమ్మ పక్కకు తీసి, ఒక్కో అంకె చదివాడు. పందొమ్మిది, సున్నా ఒకటి, రెండువేల ఇరవై నాలుగు. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. "బస్సుది అయిపోయింది గానీ కారుది ఉందిరా" అన్నాడు. వెనక నుంచి అమ్మ "చూసుకోవద్దూ!" అని అరుస్తోంది.

నల్లకోటు:

ఎల్ బోర్డు గారికి దండం. నేను సెక్షన్లు చూశాను, కార్డు చూడలేదు. ఎన్‌టీ చెల్లుబాటులో ఉంటే 181 లేదు, 180 అసలే లేదు. ఎవరి మీదా గొంతు పెంచకుండా తెల్లకాగితం మీద ఇదే రాసి, కార్డు కవర్ లేకుండా ఇవ్వమనండి.

పేట కుర్రాడు (మర్నాడు రాత్రి):

కారు వచ్చింది. నాన్న మా పెదనాన్న కొడుకుని తోడు తీసుకుని వెళ్ళాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్ళాడట. అక్కడి ఎస్సైగారు కార్డు చూసి, నంబరు కొట్టి చూసి, "మొన్ననే కవర్ తీసి చూపిస్తే పోయేదిగా పెద్దాయనా" అన్నారట. మొన్న ఆ కవర్ తియ్యమని ఎవరూ అడగలేదనే మాట నాన్న గొంతు దాకా వచ్చింది, ఆపుకున్నాడట. దరఖాస్తు మీద సంతకం చేయించుకుని సాయంత్రం నాలుగింటికి తాళాలు ఇచ్చారు. లైసెన్స్ కేసు లేదు.

కాకపోతే పొల్యూషన్ సర్టిఫికెట్ జూన్‌లోనే అయిపోయిందని ఆ పూట బయటపడింది. దానికి ఫైన్ కట్టాం. అది నా తప్పే, బండి నాది, నేనే చూసుకోవాలి.

అరిసెలకు చీమలు పట్టాయి. ఒక డబ్బా మూత సరిగ్గా పెట్టలేదు. రెండోది బాగానే ఉంది, పిన్నికి పంపించేశారు.

ఎల్ బోర్డు:

సంతోషం తమ్ముడూ. ఇంకో పని కూడా ఇప్పుడే చేయించెయ్యండి. ఎన్‌టీ గడువు అయ్యేదాకా ఆగక్కర్లేదు, ఏడాది ముందు నుంచే రెన్యువల్‌కి పెట్టుకోవచ్చు. నలభై దాటినవాళ్ళకు డాక్టర్ సంతకంతో ఫారం 1ఏ కావాలి, అది ముందు రెడీ చేసుకోండి. గడువు దాటి ఏడాది అయితే మళ్ళీ డ్రైవింగ్ టెస్ట్ ఇవ్వాలి. ఆయన టీఆర్‌కి ఆ ఏడాది దాటిపోయింది కాబట్టి దాన్ని వదిలేయండి. ముప్ఫై మూడేళ్ళు బస్సు నడిపిన ఆయన్ని ట్రాక్ మీద ఎనిమిది వెయ్యమంటే, ఇన్‌స్పెక్టర్‌కే క్లాసు పీకుతాడు.

పేట కుర్రాడు:

ఆ పని ఆయనే చేస్తాడట, సోమవారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాడు. రాత్రి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడని అమ్మ చెప్పింది. కవర్ మార్చు నాన్నా అంటే మాత్రం వినలేదు. స్వామి బొమ్మ కవర్లోనే ఉంది, కార్డు వెనక వైపుకు మార్చాడు.