అప్‌డేట్: టీషర్టు బొమ్మలో తెల్ల గీత పోయింది

తెల్ల టీషర్టు మీద ఎరుపు, నలుపు రంగుల బొమ్మను స్క్రీన్ ప్రింటింగ్ చేయిస్తే రెండు రంగుల మధ్య సన్నని తెల్ల గీత వస్తోందని అడిగాను కదా, అది పూర్తిగా పోయింది! లోపం నా ఫైలులోనే ఉంది. రెండు రంగుల అంచులను సరిగ్గా ఆనించి గీశాను. అచ్చు వేసేటప్పుడు బట్ట వెంట్రుకవాసి జరిగినా అక్కడ సందు పడుతుంది. మీరు చెప్పినట్టే ఎరుపును నలుపు కిందికి అర మిల్లీమీటరు పెంచాను. ముందు ఎరుపు, దానిపై నలుపు వేయించాను.

మరో పొరపాటు కూడా బయటపడింది. ఒక్కో రంగు భాగాన్ని విడి పొరగా ప్రింటింగ్ వాళ్లకు ఇవ్వాలి, నేను ఎర్ర పొరను ఎరుపులోనే పంపేవాణ్ణి. ఆ పొరను ఫిల్ము అనే పారదర్శక షీటు మీద ముద్రించి, దాని ద్వారా కాంతి పంపి స్క్రీన్ తయారుచేస్తారు. బొమ్మ ఉన్నచోట ఫిల్ము కాంతిని ఆపాలి కాబట్టి ఏ రంగు పొరనైనా చిక్కటి నలుపులోనే ఇవ్వాలి. బూడిదరంగు అంచులు ఉండకూడదు. రెండు రంగులు సరిగ్గా కలిసేలా చూసుకోవడానికి రెండు పొరల్లోనూ ఒకే చోట ప్లస్ గుర్తులు పెట్టాను, అమరిక చక్కగా కుదిరింది. ఓపికగా వివరించిన అందరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు.